రాయికి కట్టిన పన్ను

నాలుగు రోజుల నించి చుక్కడు
గిన్నె చుట్టూ తిరిగి తిరిగి
వాసన చూసి వెనక్కి పోతున్నాడు.
రొట్టెముక్క ఎడమ దవడకేసి, తల వాల్చి,
పాత అప్పు తీర్చేవాడిలా మెల్లగా నమిలి
సగం కింద రాల్చేస్తున్నాడు.

కుడికన్ను కింద ఉసిరికాయంత వాపు.
"కందిరీగ కుట్టుంటది" అంది సైదమ్మ, పసుపు రాస్తూ.
"దుమ్ము పడుంటది" అన్నాడు క్రేను మాలకొండయ్య.
చీమకుర్తిలో ఏ జబ్బొచ్చినా
ముందు దుమ్ము పేరే చెబుతారు,
చాలాసార్లు అది నిజమే అవుతుంది కూడా.

దగ్గరికి వంగితే నోటి వాసన:
మూతపెట్టి మూడ్రోజులు మరిచిన చేపల పులుసు.
మీదికెగిరి మొహమంతా నాకేవాడు
గోడ వైపు తిరిగి పడుకున్నాడు,
తన వాసనకి తనకే సిగ్గైనట్టు.

"కుక్కకి పన్ను చూపించను ఒంగోలు పోతన్నావా!"
పాలిషింగ్ షెడ్డంతా నవ్వింది.
నేనూ నవ్వాను, సగం నోటితో.
నా వెనక పన్ను కింద
ఆరు నెలలుగా ఒక లవంగం కాపురముంటోంది మరి.

ఆటో సంతనూతలపాడు దాటేదాకా
నా తొడ మీద తల పెట్టుకుని ఒక్క కూత లేదు.
గతుకొచ్చినప్పుడల్లా
బిగుసుకున్నది నా దవడే.

డాక్టరమ్మ పెదవి ఎత్తి చూసింది.
"కన్ను కాదయ్యా, పన్ను.
నిలువునా చీలింది. చీము కన్ను కిందికెక్కింది.
రాళ్లు కొరుకుతాడా?"

లేదని చెప్పబోయి ఆగాను.
నాలుగేళ్లుగా రోజూ సాయంత్రం
మిషను ఆపి, చేతులైనా కడక్కుండా,
స్లాబుల కింద రాలిన ముక్కొకటి తీసి విసిరేవాణ్ణి.
నల్లరాయి, లోపల బంగారు చుక్కలు.
వీడూ అంతే, నల్లటి ఒళ్లు, ఛాతీ మీద తేనెరంగు చుక్కలు.
ఇద్దరిదీ ఒకటే క్వారీ అనేవాణ్ణి.
వాడు ఉరికి, గాల్లోనే టక్కున పట్టి
తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టేవాడు.
ఆ టక్కుమనే చప్పుడుకే
షెడ్డంతా చప్పట్లు కొట్టేది.

సూది పడింది. నాలుక పక్కకి జారింది.
బయట బల్ల మీద నేనూ,
కాలు విరిగిన పుంజుని ఒళ్లో పెట్టుకున్న ఒక ముసలాయనా.
గోడ మీది పటంలో గేదె పళ్లు లెక్కపెట్టాను.
ముందు పైవరసలో ఒక్కటీ లేదు.
మళ్లీ లెక్కపెట్టాను.

ట్రేలో పెట్టి చూపించింది.
ఒక్క పన్నుకి మూడు వేళ్లు.
మాలకొండయ్య కుడిచెయ్యి గుర్తొచ్చింది.
దానికీ మూడే. మిగతా రెండూ
ఏడో నంబరు గుంటలో, రాయి కిందే ఉండిపోయాయి.
మా ఊళ్లో అందరం రాయికి ఏదో ఒక పన్ను కట్టినవాళ్లమే.
వీడి చేత మాత్రం
నేను కట్టించాను.

వారమంతా రాగిజావ, పెరుగులో నానిన మెతుకులు.
మాత్రని అరటిపండులో దాచిపెడితే
పండు తినేసి, మాత్రని శుభ్రంగా
సైదమ్మ కాలి మీద ఉమ్మేవాడు.
ఉసిరికాయ రేగుపండైంది, రేగుపండు కందిగింజైంది.
తొమ్మిదో రోజు తెల్లవారుజామున
నా చెవి దగ్గర తడి.
ఊపిరి వెచ్చగా తగిలింది. పెరుగు వాసన, అంతే.

నాలుగువేల ఎనిమిది వందలు అయింది.
"మరి నీ పన్ను?" అంది సైదమ్మ.
"నాకు లవంగం ఉందిగా."
తనేం మాట్లాడలేదు.
పోపులపెట్టెలోంచి లవంగాల డబ్బా తీసి
నాకందని అటక మీదికి విసిరేసింది.

నిన్న సాయంత్రం మిషను ఆపాను.
చుక్కడు వచ్చాడు.
నోట్లో నల్లముక్క, ఎడమవైపు పట్టుకుని.
నా కాళ్ల దగ్గర పెట్టి, తోకాడిస్తూ నిలబడ్డాడు.
వాడికి తెలీదు. లేదా
అలిగి ఆట మానేసింది నేనేననుకుని
రాజీకొచ్చాడో.
ముక్క తీసి జేబులో వేసుకున్నాను.
తలకి చుట్టిన తువ్వాలు విప్పి, ముడేసి, విసిరాను.

తెల్లగా దుమ్ము లేచింది.
దుమ్ములోంచి తువ్వాలుతో వచ్చాడు.
చప్పుడు లేదు కాబట్టి చప్పట్లూ లేవు.
నేను లాగితే వాడూ లాగుతున్నాడు,
రెండు దవడలూ బిగించి.
తువ్వాలు మాత్రం ఇవ్వడం లేదు.